పెనం దాచుకున్న రసం

సుయ్యి! ఆ ఒక్క చప్పుడుతో వంటిల్లంతా మేలుకుంటుంది. కాగి కాగి పొగ పుట్టబోతున్న నల్లటి ఇనుము మీద, ఉప్పు తప్ప ఒంటిమీద మరో అలంకారం లేని ఎర్రటి మాంసఖండం వాలిన క్షణమది. ముందు ఒక గర్జన. ఆ గర్జనలోంచి విచ్చుకునే చిటపట. ఆ చిటపట వెంట తెరలు తెరలుగా లేచే ఆవిరి, ఆవిరి భుజమెక్కి వచ్చే వాసన. చెవి పిలిస్తే ముక్కు వచ్చింది, ముక్కు వచ్చేసరికి నోట నీరూరింది. నాలుకకు ఇంకా ఏమీ అందనే లేదు, అయినా భోజనం మొదలైపోయింది! ఇలా వినికిడితో మొదలయ్యే విందులు నాకు తెలిసి తక్కువ. మన తిరగమోత ఒకటి. అమెరికా ఇళ్లలో పోత ఇనప పెనం మీద ఉల్లిపాయలతో వండుకునే స్టేక్ మరొకటి.

స్టేక్ అనగానే అందరి చూపూ మాంసం మీదే నిలుస్తుంది. ఏ కోత, ఎంత మందం, లోపల ఎంత ఎరుపు ఉండాలి, ఇవే చర్చలు, ఇవే పంతాలు. నాకు మాత్రం ఈ వంటలోని అసలు సొగసు మాంసం పెనం దిగాక మొదలవుతుందని గట్టి నమ్మకం. మాంసం పోగొట్టుకున్నదాన్ని పెనం దాచుకుంటుంది, పెనం దాచుకున్నదాన్ని ఉల్లిపాయ అందుకుంటుంది. ఆ అందుకోవడాన్ని చూడటానికే నేను పొయ్యి దగ్గర నిలబడతాను. మీరూ రండి. దాన్ని సరిగ్గా చూడాలంటే మొదటినుంచీ చూడాలి.

ముందు పెనం. ఒంటిచేత్తో ఎత్తితే మణికట్టు వంగిపోయే బరువు, వేడెక్కడానికి బద్ధకం, ఒకసారి వేడెక్కితే వదలని పట్టుదల. టెనెస్సీ రాష్ట్రంలో సౌత్ పిట్స్‌బర్గ్ అనే చిన్న ఊళ్లో లాడ్జ్ వారి కార్ఖానా 1896లో మొదలైంది, ఇప్పటికీ పెనాలు పోస్తూనే ఉంది. అంతకంటే పాతకాలపువి పెన్సిల్వేనియాలో ఈరీ పట్టణపు గ్రిస్‌వోల్డ్ పెనాలు. 1865లో మొదలై 1957లో మూతపడిన ఆ కార్ఖానా సరుకు కోసం పాతసామాన్ల దుకాణాలు గాలించేవాళ్లు ఈనాటికీ ఉన్నారు. ఎందుకు గాలించరు! ఆ పాత పెనం లోపలి తలాన్ని ఒకసారి అరచేత్తో నిమిరి చూడండి, ఇనుము ఇంత మెత్తగా ఉంటుందా అనిపిస్తుంది. ఇక ఆ నలుపు! అది పూసిన రంగు కాదు, పూట పూటకూ నూనె తాగి, మంట తిని, మళ్లీ నూనె తాగి, పొర మీద పొరగా సంపాదించుకున్న నలుపు. దక్షిణాది రాష్ట్రాల్లో అమ్మమ్మ పెనం మనవరాలికి దక్కడం మామూలే. కొత్త పెనం కొనుక్కున్నవాళ్లు ఓపిక పట్టాలి. పదునెక్కిన పెనం దొరికినవాళ్లు అదృష్టవంతులు.

తర్వాత మాంసం. నా మనసు రిబ్ ఐ మీదే. పక్కటెముకలను ఆనుకుని, వీపు పొడుగునా హాయిగా పడి ఉండే, పెద్దగా శ్రమ ఎరగని కండ అది. అంగుళమున్నర మందంగా కోయించుకొస్తే చాలు, ఆ కోత ముఖాన్ని చూస్తూ కాసేపు కూర్చోవచ్చు. దట్టమైన ఎరుపు, ఆ ఎరుపులో దారి తప్పి తిరిగినట్టున్న తెల్లని కొవ్వు చారలు, ఒక పక్కన నెలవంకలా ఒదిగిన మరో కండ. అమెరికా వ్యవసాయ శాఖ వాళ్లు ప్రైమ్, చాయిస్, సెలెక్ట్ అని అంతస్తులు కట్టేది ముఖ్యంగా ఈ చారలు చూసే. నేను చాయిస్‌తోనే తృప్తి పడతాను. ఈ పూట కొవ్వు ఒక్కటే కథానాయకుడు కాదు కదా.

మాంసానికి ఉప్పు ముందురోజు రాత్రే పట్టించి, మూత లేకుండా ఫ్రిజ్‌లో ఉంచేస్తే తెల్లవారేసరికి పైతడి అంతా ఆరి, ముదురు ఎరుపు తిరిగి, పట్టుబట్టలా మెరుస్తుంది. అంతకుమించి ఏమీ వద్దు. హైదరాబాదులో నిప్పుల మీద కాగిన రాతిపలక మీద వేగే పత్థర్ కా గోష్త్ తిన్న నాలుకకు ఈ ఇనుము పరాయిది కాదు. అక్కడా ఇక్కడా మాంసం నేరుగా వేడిని కౌగిలించుకోవడమే ఉంది. అయితే అక్కడ మాంసం అల్లం వెల్లుల్లితో, గరం మసాలాతో, మందీమార్బలంతో ఊరేగి వస్తుంది. ఇక్కడ ఒంటరిగా వస్తుంది. తనదైన రుచి తప్ప చెప్పుకోవడానికి మరో బిరుదు లేకుండా వస్తుంది. ఆ ధైర్యం నాకు ఇష్టం!

ఇక మాంసం పెనాన్ని తాకగానే మొదలయ్యే ఆ పాట. పెద్ద మంట తగలగానే మాంసం పైపొర బిగుసుకుపోయి లోపలి రసాన్ని బంధిస్తుందని 1840లలో జర్మన్ రసాయనవేత్త యూస్టస్ ఫాన్ లీబిగ్ ప్రచారం చేశాడు. వంటవాళ్లు నూరేళ్లకు పైగా ఆ మాట నమ్మారు, ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. వంటశాస్త్ర రచయిత హెరాల్డ్ మెగీ 1984లో ‘ఆన్ ఫుడ్ అండ్ కుకింగ్’ రాసి ఆ భ్రమను పోగొట్టాడు. నిజానికి శాస్త్రగ్రంథం దాకా వెళ్లనక్కర్లేదు, చెవి ఒగ్గితే చాలు. రసం లోపలే బందీ అయిపోతే ఆ పాట ఆగిపోవాలి కదా! ఆగదు. పైపొర గట్టిపడ్డాకా ఆగదు, రెండో వైపుకు తిప్పాకా ఆగదు, దించేదాకా సాగుతూనే ఉంటుంది. మాంసంలోంచి తడి ఊరి వస్తున్న చప్పుడది. ఒక్కో బొట్టు ఇనుమును ముట్టుకుంటుంది, నీటిని ఆవిరికి ఇచ్చేస్తుంది, తనలోని సారాన్ని పెనానికి ఇచ్చేస్తుంది, మాయమైపోతుంది. ఇంత పరవశంగా మనం వింటున్నది మాంసం తనను తాను ఖర్చు చేసుకుంటున్న చప్పుడు! తెలిసి వింటే ఆ చిటపటలో ఎంత ఔదార్యం, ఎంత వేడుక!

ఆ ఖర్చుకు ప్రతిఫలం రంగు. పట్టకారుతో అంచు పట్టి కొంచెం ఎత్తి చూస్తే మొదట లేత బూడిద, తర్వాత తేనె, తర్వాత రాగి. ఇంకాస్త ఓపిక పడితే ఎండు ఖర్జూరపు నిగనిగ. పచ్చి మాంసానికి లేని వందల పరిమళాలు ఆ పొరలో పుట్టుకొస్తాయి. వేడికి మాంసకృత్తుల ముక్కలూ చక్కెరలూ కలిసి ఇలా రంగుదేలడాన్ని 1912లో వివరించినవాడు ఫ్రెంచి వైద్యుడు, రసాయనవేత్త లూయీ కమీ మయ్యార్. అంతకుముందే, 1825లో, భోజన రసికుడు బ్రియా సవరాఁ మాంసంలో ‘ఒస్మజోమ్’ అనే సారమొకటి ఉందనీ, వేపుడు మాంసం మీది ఆ గోధుమరంగు అందం దానివల్లనే అనీ ఊహించాడు. అలాంటి పదార్థం ఏదీ విడిగా లేదని తర్వాత తేలింది. తేలితేనేం! మాంసంలోంచి వెలికివచ్చే ఒక అంతస్సారం కోసం ఆయన తహతహ నిజమైనది. ఆయన ముక్కు సరైన చోటే ఆగింది.

ఈ దశలో పెనంలో గుప్పెడు వెన్న వేసి, వెల్లుల్లి రెబ్బలూ ఆకుకొమ్మలూ వేసి, కరిగినదాన్ని చెంచాతో తోడి తోడి మాంసం మీద పోయడం ఇప్పుడు చాలామందికి ముచ్చట. చూడటానికి బాగుంటుంది. వాసనా బాగుంటుంది. కానీ వెన్న అడుగున మాడి చేదెక్కితే ఆ చేదు పెనానికి అంటుకుంటుంది, రాబోయే ఉల్లిపాయకు వారసత్వంగా వస్తుంది. అందుకని వెన్నను నేను చివరికి దాస్తాను. ఇప్పటికి మాంసపు సొంత కొవ్వు చాలు. అంచున ఉన్న తెల్లటి పట్టీని పెనానికి ఆనించి నిలబెట్టి పట్టుకుంటే అది కరిగి, నురగలు కక్కి, అద్దంలా పరుచుకుంటుంది.

వేలితో నొక్కితే ఒదిగి మళ్లీ లేచే మెత్తదనం రాగానే దించేయాలి. లోపల 52 డిగ్రీల సెల్సియస్ దగ్గర దించితే పళ్లెంలో సేదతీరేలోగా మరో రెండు మూడు డిగ్రీలు తనంతట తానే ఎక్కుతుంది. మాంసాన్ని ఒక పక్కన విశ్రాంతి తీసుకోనివ్వండి. ఇప్పుడు పెనంలోకి చూడండి!

ఖాళీ పెనమని ఎవరంటారు? నల్లటి నేల మీద కరిగిన కొవ్వు మెరుపు, ఆ మెరుపు కింద మాంసం పడుకున్న మేర అచ్చుగుద్దినట్టు అతుక్కున్న రాగిరంగు మరకలు, అంచుల్లో పేరుకున్న పొడి పొడి పొరలు. ఇంతసేపు పాటగా వెళ్లిపోయిందనుకున్నదంతా ఇక్కడే ఉంది. వెన్న కాచిన గిన్నె అడుగున మిగిలిన గసిలో వేడి అన్నం కలుపుకొని తిన్న ప్రాణాలకు దీని విలువ విడమరిచి చెప్పనక్కర్లేదు. దీన్ని తోమి పారేయడానికి చేతులెలా వస్తాయి! మాంసం తన నోటితో చెప్పలేకపోయిన మాటలన్నీ ఇనుము మీద రాసిపెట్టి పోయింది. చదివేవాళ్లు కావాలి.

ఆ చదవరి ఉల్లిపాయ.

ఏ ఉల్లిపాయ? జార్జియా రాష్ట్రంలో విడాలియా ఉల్లి అని ఒకటుంది. 1931లో టూంబ్స్ కౌంటీ రైతు మోజ్ కోల్‌మన్ పొలంలో ఘాటు లేకుండా తియ్యగా పండి అందరినీ ఆశ్చర్యపరిచింది. అక్కడి ఇసుక నేలల్లో గంధకం తక్కువ కావడం దాని రహస్యం. ఆ ప్రాంతంలో పండినదానికి తప్ప ఆ పేరు చెల్లకుండా 1986లో రాష్ట్రమే చట్టం చేసింది. వసంతంలో అంగళ్లకు వస్తుంది. పచ్చిగా కొరుక్కు తినడానికి అంత సుకుమారమైన ఉల్లి మరొకటి దొరకదు. అయినా ఈ పెనంలోకి దాన్ని రానివ్వను. ఇక్కడికి గోధుమరంగు పొట్టు తొడుక్కున్న మామూలు పసుపు ఉల్లి రావాలి, కత్తి తగలగానే కళ్లలో నీళ్లు తెప్పించేది రావాలి. దానిలో తీపి తక్కువేమీ కాదు, ఘాటు ఆ తీపిని మరుగున ఉంచుతుంది, అంతే. పైగా మనల్ని ఏడిపించే ఆ గంధకపు కుటుంబంలోంచే, కోసి వేడి చేసినప్పుడు, అచ్చంగా మాంసపు పులుసు వాసన వేసే ద్రవ్యమొకటి పుడుతుందని రసాయనవేత్తలు కనుక్కున్నారు. ఎంత అందమైన సంగతి! మాంసం ముఖం చూడకముందే ఉల్లి గుండెలో మాంసపు పరిమళం నిద్రపోతోందన్నమాట! అలాంటి ఉల్లి మాంసపు పెనంలోకి రావడం బంధువు ఇంటికి రావడమే.

మరీ సన్నగా తరగకండి. సన్నటి చీలికలు కరిగి ముద్దయిపోతాయి. చిటికెనవేలి మందాన, నిలువుగా, మొదలు నుంచి కొన దాకా సాగే చీలికలు కావాలి, వంపు తిరిగిన పడవల్లాంటివి. వేడి కొవ్వులోకి వాటిని జారవిడవగానే మళ్లీ చప్పుడు లేస్తుంది. కానీ ఇది వేరే గొంతు. మాంసం గర్జించింది, ఉల్లి గుసగుసలాడుతుంది. మాంసానికి ద్రుతకాలం, ఉల్లికి విలంబం. చిటికెడు ఉప్పు పడగానే చీలికలు చెమర్చి, నిగనిగలాడి, తెల్లదనం వదిలి గాజులా పారదర్శకమవుతాయి. పదింట తొమ్మిది వంతులు నీరే అయిన ఉల్లి ఇప్పుడు తన నీటిని వదలడం మొదలుపెడుతుంది.

ఇదిగో, ఇప్పుడు చూడండి! ఇందుకోసమే కదా ఇంతసేపు నిలబడ్డాం. ఉల్లి వదిలిన నీరు పెనం అడుగున పాకి, ఆ రాగిరంగు మరకలను తాకి, వాటి అంచులను తడిపి, నెమ్మదిగా లేపుతుంది. చెక్క అట్లకాడతో ఒక్కసారి అలా గీస్తే చాలు, ఇనుము దాచుకున్నది దాచుకున్నట్టు పొరలు పొరలుగా ఊడి వస్తుంది. ఒక్క గీతకు ఒక నల్లటి దారి శుభ్రంగా తెరుచుకుంటుంది, ఆ దారిన వచ్చిన గోధుమరంగంతా పక్కనున్న ఉల్లి చీలికల్లోకి ఎక్కిపోతుంది. తెల్లటి చీలిక చూస్తుండగానే గంధం రంగు తిరుగుతుంది, గంధం నుంచి తేనెకు, తేనె నుంచి కాల్చిన మట్టిరంగుకు! వాసన మారుతుంది. ఇంతదాకా వంటింట్లో రెండు వాసనలున్నాయి, ఒకటి మాంసానిది, ఒకటి ఉల్లిది. ఈ క్షణాన ఏది ఎవరిదో చెప్పలేం. పోగొట్టుకున్నవాడి సొత్తు అందుకున్నవాడి ఒంటి మీద నగలై మెరుస్తోంది! వైన్ పోయమంటారు కొందరు, ఎముకల చారు పోయమంటారు ఇంకొందరు. ఎందుకు? ఉల్లి తన కన్నీటితోనే పెనాన్ని కడుగుతుంటే మధ్యలో పరాయి నీరెందుకు!

ఎక్కడ ఆపాలన్నది రుచి తెలిసినవాళ్ల నిర్ణయం. ముప్పావు గంట సన్నమంట మీద మగ్గిస్తే ఉల్లి జామ్‌లా కరిగి తీపిముద్ద అవుతుంది. దాని అందం దానిది, ఫ్రెంచి ఉల్లి సూపుకు అది ప్రాణం. ఇక్కడ మాంసం అంతసేపు ఆగదు, ఆగనవసరమూ లేదు. మాంసం సేదతీరే పది పన్నెండు నిమిషాలే ఉల్లికి ఉన్న గడువు, ఆ గడువే దానికి సరైన పక్వం కూడా. అంచులు నల్లబడుతూ, నడుములు మెత్తబడి, పంటి కింద ఇంకా ఒక చిన్న ప్రతిఘటన మిగిలిన ఆ దోర స్థితి నాకు పరమప్రీతి. అప్పుడు వెన్న, ఒక్క ముద్ద. దంచిన మిరియాలు.

ఇంకొకటి మిగిలింది. పక్కన పడుకున్న మాంసం కింద, పళ్లెంలో, ఎర్రటి రసం మడుగు కట్టి ఉంటుంది. చూసి రక్తమని జంకకండి. రక్తం ఎప్పుడో పోయింది, ఇది మాంసపు సొంత రంగు కలిసిన నీరు. దాన్ని ఒక్క బొట్టు కూడా వదలకుండా ఉల్లి మీదికి ఒంపేయండి. సుయ్యిమంటూ చివరి మాట. మెరుపు. ఆ రసం ఉల్లికి చుట్టుకొని, చిక్కబడి, ప్రతి చీలికకూ పలచటి వార్నిష్ పూసినట్టు నిలుస్తుంది. మాంసం ఇవ్వదలచుకున్నదంతా ఇచ్చేసింది!

ఈ భాగ్యం పెద్ద పెద్ద స్టేక్‌హౌస్‌లకు లేదని నేనంటే కొందరు కోప్పడతారు. న్యూయార్క్ నగరపు బ్రూక్లిన్‌లో 1887 నుంచి ఉన్న పీటర్ లూగర్ లాంటి చోట్ల మాంసాన్ని బ్రాయిలర్‌లో, పైనుంచి కురిసే భీకరమైన మంట కింద కాలుస్తారు. ఆ పైపొర నల్లటి కరకరను ఇంటి పొయ్యి ఎన్నటికీ ఇవ్వలేదు, ఒప్పుకుంటాను. కానీ ఆ పద్ధతిలో ఉల్లిపాయ కోసం కాచుకొని ఉండే నల్లటి పెనం లేదు. మాంసం ఒక చోట, ఉల్లి ఇంకో చోట ఉడికి పళ్లెంలో పరిచయమవుతాయి. ఇంట్లో, ఒక్క పెనం మీద, ఒకదాని వెనక ఒకటి వండినప్పుడు మాత్రమే అవి ఒకదాన్నొకటి ఎరుగుతాయి. ఇక్కడ పేదరికమే ఐశ్వర్యం. రెండో పెనం లేకపోవడమే ఈ వంటకు పట్టిన అదృష్టం!

ఇక కత్తి. కండ నారకు అడ్డంగా కోస్తే మొదట పెళుసైన పొర విరిగిన సన్నని చప్పుడు, తర్వాత ఏ చప్పుడూ లేని మెత్తదనం. కోసిన ముఖం మీద అంచున ముదురు గోధుమ, దాని లోపల సన్నటి బూడిదరంగు గీత, అక్కడినుంచి నడుమ దాకా దానిమ్మ ఎరుపు. ఫ్రెంచివారికి ఈ ఎరుపు ఎంత పవిత్రమో విమర్శకుడు రోలాఁ బార్త్ 1957లో ‘మిథాలజీస్’లోని స్టేక్ వ్యాసంలో రాశాడు. వైన్‌లాగే స్టేక్ కూడా నెత్తుటి ప్రాభవాన్ని పంచుకున్నదని ఆయన అభిప్రాయం. ఆయన చదివిన చదువు గొప్పదే. నేను మాత్రం ఫోర్కుకు ముందు ఉల్లి చీలికను గుచ్చి, ఆ తర్వాత మాంసాన్ని గుచ్చుతాను. నాలుకకు మొదట ఉల్లి తగలాలి. దాని తీపి, తీపి వెనక కాలిన చిరుచేదు, ఆ చేదు వెనక గంభీరంగా ఒక మాంసపు స్వరం. ఆ స్వరం నోట్లో మోగుతుండగానే పళ్లు అసలు మాంసంలోకి దిగుతాయి. ప్రతిధ్వని ముందు వినిపించి ధ్వని తర్వాత వచ్చినట్టు! ఎంత చిత్రమైన క్రమం, ఎంత నిండైన సుఖం! ఉప్పు రవ్వ ఒకటి పంటి కింద టప్పున పగులుతుంది. కొవ్వు కరిగి అంగిలంతా పరుచుకుంటుంది. మాట్లాడాలనిపించదు.

పక్కకు కాల్చిన బంగాళాదుంప అంటారు అమెరికావాళ్లు, చాలా సబబైన మాట. రొట్టె ముక్కతో పెనం తుడుచుకు తినేవాళ్లూ ఉన్నారు, వాళ్లకు నా నమస్కారం. కానీ అమెరికాలో ఏ డల్లాస్‌లోనో ఎడిసన్‌లోనో ఈ పెనాన్ని పొయ్యి మీద పెట్టుకునే తెలుగు ఇంట్లో అన్నం ఎలాగూ ఉంటుంది. మాంసమంతా పళ్లేలకెక్కాక, అడుగున మిగిలిన నాలుగు ఉల్లి చీలికలూ కాస్త వెన్నా ఆ చిక్కటి రసమూ ఉన్న పెనంలోకే పొగలు కక్కే అన్నం రెండు గరిటెలు వేసి, అట్లకాడతో అటూ ఇటూ తిప్పి చూడండి. మెతుకు మెతుకుకూ ఆ రాగిరంగు పట్టుకుంటుంది, అడుగు మెతుకులు కాస్త కరకరలాడతాయి. స్టేక్‌కు పిలిచిన అతిథి ముందు కత్తీ ఫోర్కూ పెట్టండి. ఈ అన్నాన్ని మాత్రం చేత్తోనే తినమనండి, ఇంకో గరిటె వడ్డించండి.